దీర్ఘకాలిక మహమ్మారిలో గుండె వైద్యసేవల పునరుద్ధరణ: ఇంగ్లండ్ అనుభవం (2020–2023)

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• మహమ్మారి కాలంలో గుండె వైద్యసేవలు ఎందుకు, ఎలా దెబ్బతిన్నాయో వివరించగలుగుతారు;
• అత్యవసర సేవలు, వాయిదాపడిన చికిత్సలు, నివారణ సేవలు వేరువేరు వేగాలతో కోలుకోవడానికి కారణాలు చెప్పగలుగుతారు;
• ఆసుపత్రి గణాంకాలను చారిత్రక ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు;
• ఇంగ్లండ్ అనుభవాన్ని మన దేశ పరిస్థితితో పోల్చి చర్చించగలుగుతారు.

1. ప్రస్తావన

మహమ్మారుల చరిత్ర అనగానే మనకు మృతుల సంఖ్య, క్వారంటైన్, టీకాలు గుర్తుకొస్తాయి. 2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. 2023 మే 5న ఆ అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది. ఈ రెండు తేదీల మధ్య మూడేళ్లకు పైగా కాలం ఉంది. ఆ మూడేళ్లలో మనుషులకు గుండెపోట్లు ఆగలేదు, రక్తపోటు తగ్గిపోలేదు, గుండె కవాటాలు బిగుసుకుపోవడం మానలేదు. మరి ఆ రోగులు ఎక్కడికి వెళ్లారు? వారికి చికిత్స అందించే వ్యవస్థ ఎప్పుడు, ఎంతమేరకు కోలుకుంది?

ఈ పాఠంలో మనం ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. అందుకు ఇంగ్లండ్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. 1948 జులై 5న మొదలైన అక్కడి జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) దాదాపు దేశమంతటికీ ఒకే వ్యవస్థగా పనిచేస్తుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది వేచి ఉన్నారు అన్న లెక్కలు అక్కడ క్రమంగా ప్రచురితమవుతాయి. కాబట్టి ఒక సేవ కూలడాన్నీ తిరిగి లేవడాన్నీ అంకెలతో గమనించే వీలు అక్కడ ఉంది. మన తెలుగు ప్రాంత వైద్య కళాశాలల్లో చదివిన వైద్యులు అనేకమంది ఆ వ్యవస్థలో పనిచేస్తున్నారన్న సంగతీ మీకు తెలిసే ఉంటుంది. చివరి భాగంలో మన దేశం సంగతి చూద్దాం.

2. చారిత్రక నేపథ్యం

మహమ్మారికీ గుండె జబ్బుకూ ఉన్న సంబంధాన్ని చరిత్ర 2020కి ముందే గమనించింది. ఇన్‌ఫ్లుయెంజా ప్రబలిన కాలాల్లో గుండె జబ్బుల పేరుతో నమోదైన మరణాలు కూడా మామూలు స్థాయిని మించాయని అమెరికా గణాంకవేత్త సెల్విన్ కాలిన్స్ 1932లో చూపించాడు. అంటే ఒక మహమ్మారి తెచ్చిన నష్టమంతా ఆ మహమ్మారి పేరు మీదే నమోదు కాదు. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ పాఠంలో మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

అయితే 1918 నాటి పరిస్థితికీ 2020 నాటి పరిస్థితికీ ఒక పెద్ద తేడా ఉంది. 1918లో గుండెపోటు వచ్చినవారికి వైద్యులు చేయగలిగింది చాలా తక్కువ. మంచం మీద విశ్రాంతి, నొప్పి తగ్గించే మందు, ఆపైన అదృష్టం. గుండె రోగులను ప్రత్యేక వార్డులో ఉంచి, నిరంతరం ఈసీజీ గమనిస్తూ, గుండె ఆగిన వెంటనే ప్రాణం నిలబెట్టాలన్న ఆలోచనను డెస్మండ్ జూలియన్ 1961లో బ్రిటన్‌లో ప్రతిపాదించాడు. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మూసుకుపోతున్న గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచాడు. అదే తొలి కరోనరీ యాంజియోప్లాస్టీ. ఆ తరవాతి దశాబ్దాల్లో స్టెంట్లు వచ్చాయి. గుండెపోటు చికిత్స గడియారంతో పోటీగా మారింది. నాళం ఎంత త్వరగా తెరుచుకుంటే గుండె కండరం అంత ఎక్కువగా దక్కుతుంది.

ఈ ప్రగతిలోనే ఒక బలహీనత కూడా దాగి ఉంది. ఆధునిక గుండె వైద్యం ఒక గొలుసు. రోగి నొప్పిని గుర్తించాలి, అంబులెన్స్ రావాలి, క్యాథ్‌ల్యాబ్ ఖాళీగా ఉండాలి, మత్తు వైద్యుడు, ఐసీయూ మంచం, వెంటిలేటర్ సిద్ధంగా ఉండాలి. కొవిడ్ రోగికి అవసరమైనవి కూడా సరిగ్గా ఇవే. కోల్పోవడానికి 1918లో గుండె వైద్యసేవ అంటూ పెద్దగా లేదు. 2020లో చాలా ఉంది.

ఒక చిన్న హెచ్చరిక మాత్రం 2003లో వచ్చింది. కెనడాలోని టొరంటోలో సార్స్ వ్యాపించినప్పుడు ఆ ప్రాంత ఆసుపత్రులన్నీ అత్యవసరం కాని సేవలను నిలిపివేశాయి. అక్కడ కెనడా కోల్పోయినవారు 44 మంది. కొన్ని నెలల్లో వ్యాధి అదుపులోకి వచ్చింది, ఆసుపత్రులు మామూలు పనిలో పడ్డాయి. ఆ అనుభవం ఒక అపోహను కూడా మిగిల్చిందనుకోవచ్చు. ‘కొన్నాళ్లు ఆపుదాం, వ్యాధి పోయాక మొదలుపెడదాం’ అనే పద్ధతి సరిపోతుందన్నదే ఆ అపోహ. చిన్న గండానికి అది సరిపోతుంది. ఏళ్ల తరబడి సాగే మహమ్మారిలో ‘వ్యాధి పోయాక’ అనే రోజు ఎంతకీ రాదు.

3. ఖాళీ అయిన పడకలు

2020 మార్చి 17న ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ నాయకత్వం ఆసుపత్రులన్నిటికీ ఒక లేఖ రాసింది. అత్యవసరం కాని శస్త్రచికిత్సలను ఏప్రిల్ 15 నాటికల్లా నిలిపి, కనీసం మూడు నెలలు వాయిదా వేయాలని అందులో ఆదేశించింది. అత్యవసర చికిత్సలు, క్యాన్సర్ చికిత్సలు కొనసాగాలని కూడా స్పష్టంగా చెప్పింది. మార్చి 23న లాక్‌డౌన్ ప్రకటించారు. ‘ఇంట్లోనే ఉండండి, ఎన్‌హెచ్‌ఎస్‌ను కాపాడండి, ప్రాణాలు నిలపండి’ అన్నది అప్పటి ప్రభుత్వ నినాదం.

ప్రజలు ఆ నినాదాన్ని పాటించారు. అనుకున్నదానికంటే ఎక్కువగానే పాటించారు. 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ అత్యవసర విభాగాలకు వచ్చినవారు దాదాపు 9,17,000 మంది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే ఇది 57 శాతం తక్కువ. గుండె విషయానికే వస్తే, 2019లో గుండెపోటు తరహా తీవ్ర సమస్యతో వారానికి సగటున 3,017 మంది ఆసుపత్రుల్లో చేరగా, 2020 మార్చి చివరికి ఆ సంఖ్య 1,813కు పడిపోయింది. అంటే 40 శాతం తగ్గుదల.

ఇంగ్లండ్ ఒక్కటే కాదు. ఉత్తర ఇటలీలో 15 ఆసుపత్రులను పరిశీలిస్తే, అంతకుముందు ఏడాది రోజుకు సగటున 18.9గా ఉన్న చేరికలు మహమ్మారి తొలి వారాల్లో 13.3కు తగ్గాయి. అమెరికాలోనూ ఇలాంటి తగ్గుదలే కనిపించింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. చేరికలు తగ్గాయంటే జబ్బు తగ్గిందని అర్థమా? ఆ రోజుల్లో కొందరు అలాగే అన్నారు. ఉద్యోగాల ఒత్తిడి లేదు, వాయు కాలుష్యం తగ్గింది, అందుకే గుండెపోట్లు కూడా తగ్గాయన్నారు. ఈ వాదనలో కొంత నిజం ఉండవచ్చు. కానీ చరిత్ర విద్యార్థి ఒక ఆధారాన్ని మరో ఆధారం పక్కన పెట్టి చూడాలి.

ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో లోడి, క్రెమోనా, పవియా, మాంతువా అనే నాలుగు జిల్లాల లెక్క చూడండి. 2019లో నలభై రోజుల కాలంలో ఆసుపత్రి బయట గుండె ఆగిపోయిన సంఘటనలు 229. 2020లో అవే నలభై రోజుల్లో 362. అంటే 58 శాతం ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2020 మార్చి నుంచి జూన్ వరకు తీవ్ర గుండె, రక్తనాళాల సమస్యలతో సంభవించిన మరణాలు మామూలు కంటే 2,085 ఎక్కువని ఒక పరిశీలన తేల్చింది. వీటిలో ఇళ్ల దగ్గర జరిగిన మరణాలు 35 శాతం పెరిగాయి. ఆసుపత్రి రిజిస్టర్‌లో తగ్గిన సంఖ్య మరణాల రిజిస్టర్‌లో పెరిగి కనిపిస్తోంది. జబ్బు ఎక్కడికీ పోలేదు. రోగి మంచం మాత్రం ఆసుపత్రిలో కాక ఇంట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రికి వచ్చినవారు కూడా ఆలస్యంగా వచ్చారు. హాంకాంగ్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు నొప్పి మొదలైనప్పటి నుంచి వైద్యం అందేవరకు పట్టిన కాలాన్ని లెక్కగట్టారు. మామూలు రోజుల్లో మధ్యగత విలువ 82.5 నిమిషాలు కాగా, 2020 ఆరంభంలో అది 318 నిమిషాలైంది. పరిశీలించిన రోగులు కొద్దిమందే. అందువల్ల దీన్ని సూచనగా మాత్రమే తీసుకోవాలి. కానీ ఆ సూచన ఎటు చూపుతోందో స్పష్టమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఆసుపత్రిలో చేరికల సంఖ్య తగ్గడాన్ని ‘జబ్బు తగ్గింది’ అనడానికి ఆధారంగా ఎందుకు తీసుకోలేం? రెండు కారణాలు రాయండి.

4. మొదటి మెట్టు: అత్యవసర సేవలు కోలుకోవడం

గుండె వైద్యసేవల పునరుద్ధరణ ఒకే రోజున, ఒకే ఉత్తర్వుతో జరగలేదు. అది మెట్లుమెట్లుగా సాగింది. మధ్యమధ్య మళ్లీ కిందికి జారింది కూడా.

అన్నిటికంటే ముందు కోలుకున్నది అత్యవసర సేవ. 2020 ఏప్రిల్ చివరలో ఎన్‌హెచ్‌ఎస్ ప్రచారం స్వరం మారింది. ‘ఇంట్లో ఉండండి’ అన్న గొంతే ఇప్పుడు ‘ఛాతీ నొప్పి వస్తే ఆగకండి, మాకు ఫోన్ చేయండి’ అని చెప్పడం మొదలుపెట్టింది. ఏప్రిల్ 29న ఆసుపత్రులకు రెండో దశ లేఖ వెళ్లింది. మే చివరి వారానికి గుండెపోటు తరహా చేరికలు వారానికి 2,522కు పెరిగాయి. అయినా 2019 స్థాయి కంటే ఇంకా 16 శాతం తక్కువే.

ఇది ఇంత త్వరగా ఎలా సాధ్యమైంది? రెండు కారణాలు. మొదటిది, ఆ సేవ అసలు మూతపడలేదు. క్యాథ్‌ల్యాబ్‌లు, వైద్య బృందాలు సిద్ధంగానే ఉన్నాయి. రాకుండా పోయింది రోగులు. భయం తగ్గగానే తిరిగి వచ్చారు. రెండోది, ఉన్న వనరులను ఒకచోట చేర్చారు. లండన్‌లో మామూలుగా ఏడు కేంద్రాల్లో గుండె శస్త్రచికిత్సలు జరిగేవి. మొదటి వేవ్‌లో అత్యవసర గుండె శస్త్రచికిత్సలను సెయింట్ బార్తొలొమ్యూస్, హేర్‌ఫీల్డ్ అనే రెండు ఆసుపత్రులకు కేంద్రీకరించారు. మిగిలిన చోట్ల ఐసీయూలు కొవిడ్ రోగులకు మిగిలాయి. పోటీపడే ఆసుపత్రులు ఒకే జాబితా నుంచి రోగులను పంచుకున్నాయి.

ఈ మొదటి మెట్టు నేర్పిన పాఠం ఇది. సేవ తెరిచి ఉండటం ఒక ఎత్తు, తెరిచి ఉందని ప్రజలు నమ్మడం ఇంకో ఎత్తు. ఒక నినాదం పోగొట్టిన నమ్మకాన్ని తిరిగి తేవడానికి ఇంకో నినాదం కావలసి వచ్చింది.

5. రెండో మెట్టు: వాయిదాపడిన చికిత్సలు

ఇక ముందే తేదీ నిర్ణయించి చేసే చికిత్సల సంగతి. బైపాస్, కవాట మార్పిడి, పేస్‌మేకర్ అమరిక, ముందస్తు యాంజియోగ్రామ్ వంటివి ఈ కోవకు వస్తాయి. మొదటి వేవ్‌లోనే ఇంగ్లండ్‌లో ఇలాంటి గుండె ప్రక్రియలు మామూలుగా జరగవలసిన వాటికంటే 45 వేలకు పైగా తక్కువ జరిగాయి.

‘అత్యవసరం కానిది’ అన్న మాటను కాస్త నిదానంగా పరిశీలించాలి. బృహద్ధమని కవాటం తీవ్రంగా బిగుసుకుపోయిన రోగి ఈ రోజు చనిపోడు. అందువల్ల అతని చికిత్స ‘వాయిదా వేయదగినది’. కానీ ఆయాసం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు మొదలయ్యాక చికిత్స లేకుండా ఏళ్లు గడపడం కష్టం. బ్రిటన్‌లో 2020 మార్చి నుంచి నవంబర్ వరకు ఇలా కవాట చికిత్స అందవలసి ఉండీ అందనివారు దాదాపు 5,000 మంది అని పరిశోధకులు అంచనా వేశారు. ఈ బకాయిని తీర్చే మార్గాలను కూడా వారు లెక్కగట్టారు. ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్సల్లో 40 శాతాన్ని, తొడ రక్తనాళం ద్వారా కవాటం అమర్చే ‘టావీ’ పద్ధతికి మార్చి, మొత్తం సామర్థ్యాన్ని 20 శాతం పెంచాలి. అలా చేసినా బకాయి తీరడానికి 343 రోజులు పడుతుందని, ఆలోగా వేచి ఉన్నవారిలో వందల మంది మరణించవచ్చని ఆ లెక్క చెప్పింది. మూడు నెలల వాయిదా అనుకున్నది ఏడాది బాకీగా మారడాన్ని గమనించండి.

ఎందుకింత కాలం? ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఆపరేషన్ థియేటర్ వారానికి పది మందికి చికిత్స చేస్తుందనుకోండి. ప్రతి వారం పది మంది కొత్త రోగులు వస్తారు. పన్నెండు వారాలు మూసేస్తే 120 మంది పోగవుతారు. తెరిచాక మునుపటిలాగే వారానికి పది మందికి చికిత్స చేస్తే ఆ 120 మంది ఎప్పటికీ అలాగే ఉంటారు. వారానికి పన్నెండు మందికి చేయగలిగితే 60 వారాలు పడుతుంది. నిజానికి జరిగింది దీనికి భిన్నం. ఒక్కో రోగి తరవాత గది శుభ్రం చేయాలి, పీపీఈ కిట్లు వేసుకోవాలి, విప్పాలి. వార్డులో మంచాల మధ్య దూరం పెంచాలి. సిబ్బందిలో కొందరికి జ్వరం, కొందరు క్వారంటైన్‌లో. పది మందికి చేసే థియేటర్‌లో ఎనిమిది మందికే చేయగలిగితే, తలుపులు తెరిచి ఉండగానే వరస పెరుగుతుంది. ‘పునఃప్రారంభం’, ‘పునరుద్ధరణ’ అన్నవి వేరువేరు మాటలని మీరు గ్రహించవలసింది ఇక్కడే.

2020 జులై 31న వెలువడిన మూడో దశ లేఖ గట్టి లక్ష్యాలు పెట్టింది. ముందే నిర్ణయించే చికిత్సల్లో సెప్టెంబర్‌కు మునుపటి ఏడాది స్థాయిలో 80 శాతం, అక్టోబర్‌కు 90 శాతం చేరుకోవాలన్నది. ఇంతలో శీతాకాలం వచ్చింది. 2020 ఏప్రిల్ శిఖర దశలో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఉన్న కొవిడ్ రోగులు సుమారు 19 వేలు. 2021 జనవరిలో సుమారు 34 వేలు. గుండె చికిత్సలకు కేటాయించిన ఐసీయూ మంచాలు మళ్లీ కొవిడ్‌కు వెళ్లాయి. గుండెపోటు, గుండె వైఫల్యం చేరికలు కూడా రెండోసారి తగ్గాయి. 2020 డిసెంబర్ 8న టీకాల కార్యక్రమం మొదలైనా, దాని ఫలితం ఆసుపత్రి వార్డుల్లో కనిపించడానికి నెలలు పట్టింది. 2021 చివరలో ఒమిక్రాన్ వచ్చింది.

దీర్ఘకాలిక మహమ్మారి స్వభావం ఇదే. ప్రతి వేవ్ ముందటి వేవ్ బాకీ తీరకముందే వచ్చింది.

6. మారిన పద్ధతులు

ఒత్తిడి కొన్ని మంచి అలవాట్లను కూడా తెచ్చిందని ఒప్పుకోవాలి. అంతకుముందు మెల్లగా సాగుతున్న మార్పులు ఈ కాలంలో వేగం పుంజుకున్నాయి. ఫోన్‌లో, వీడియోలో వైద్యుడిని సంప్రదించడం మామూలైంది. పేస్‌మేకర్ పనితీరును రోగి ఇంట్లో ఉండగానే దూరం నుంచి పరిశీలించారు. ఐసీయూ అవసరం తక్కువగా ఉండే టావీ వంటి పద్ధతులకు ప్రాధాన్యం పెరిగింది. స్టెంట్ వేసిన రోగులను త్వరగా ఇంటికి పంపి, ఫోన్‌లో కనిపెట్టుకుని ఉండే పద్ధతులు వచ్చాయి.

అయితే ఫోన్‌కు ఒక పరిమితి ఉంది. ఫోన్‌లో మందు చెప్పవచ్చు, మాట ధైర్యం ఇవ్వవచ్చు. గుండె చప్పుడు వినలేం, కాళ్ల వాపు నొక్కి చూడలేం, ఎకో తీయలేం. ఎకో తీసే సాంకేతిక నిపుణుల కొరత మహమ్మారికి ముందు నుంచే ఉంది. పరీక్ష వరస కదలకపోతే, దాని వెనక ఉన్న చికిత్స వరస కూడా కదలదు.

7. మూడో మెట్టు: వరసలోకి రాని రోగులు

పైన చెప్పిన రోగులంతా ఏదో ఒక జాబితాలో పేరున్నవారు. పేరు లేనివారి సంగతి ఏమిటి?

అధిక రక్తపోటుకు మామూలుగా లక్షణాలు ఉండవు. ఏదో పనిమీద వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు బీపీ చూస్తే బయటపడుతుంది. 2020 మార్చి నుంచి 2021 జులై వరకు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో కొత్తగా బీపీ మందులు మొదలుపెట్టినవారు అంచనా కంటే సుమారు 4.9 లక్షలు తక్కువ. వీరికి అలాగే వైద్యం అందకుండా పోతే జీవితకాలంలో అదనంగా 13 వేలకు పైగా గుండెపోట్లు, పక్షవాతం వంటి సంఘటనలు రావచ్చని ఆ పరిశోధకుల అంచనా. ఇది భవిష్యత్తు గురించిన లెక్క, జరిగిపోయినది కాదు. వెతికి పట్టుకుని మందులు ఇస్తే తప్పించగలిగినది. అందుకే నివారణ సేవల పునరుద్ధరణను చివరి పనిగా చూడకూడదు.

8. ఏ స్థాయికి కోలుకోవాలి?

2020 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో గుండె చికిత్స కోసం వేచి ఉన్నవారు సుమారు 2,33,000. 2023లో ఆ సంఖ్య 4 లక్షలు దాటింది. ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ఒక ప్రణాళిక ప్రకటించింది. అన్ని చికిత్సల్లోనూ రెండేళ్లకు మించిన నిరీక్షణను 2022 జులైకి, పద్దెనిమిది నెలలు మించిన దాన్ని 2023 ఏప్రిల్‌కి, ఏడాది మించిన దాన్ని 2025 మార్చికి తొలగించాలన్నది అందులోని లక్ష్యం. అతి దీర్ఘ నిరీక్షణలు చాలావరకు తగ్గాయి. మొత్తం వరస మాత్రం పెరుగుతూనే పోయింది. 2022 డిసెంబర్‌లో నర్సులు, 2023 మార్చి నుంచి జూనియర్ వైద్యులు జీతాల కోసం సమ్మెలు చేశారు. మహమ్మారిలో చప్పట్లు అందుకున్న సిబ్బంది అలసట కూడా ఈ కథలో భాగమే.

ఇంకో మాట. 92 శాతం రోగులకు 18 వారాల్లోపు చికిత్స మొదలవాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ ప్రమాణం. 2016 తరవాత ఆ ప్రమాణం అందుకోలేదు. అంటే మహమ్మారి ఒక ఆరోగ్యవంతమైన వ్యవస్థను కూలదోయలేదు, అప్పటికే వంగి ఉన్న గోడ మీద పడింది. ‘2019 స్థాయికి చేరాం’ అని ఎవరైనా చెప్పినప్పుడు, ‘2019 స్థాయి సరిపోయేదా?’ అని మీరు అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
‘పునఃప్రారంభం’, ‘పునరుద్ధరణ’ మధ్య తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.

9. భారతదేశం, తెలుగు ప్రాంతాలు

మన దేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. రైళ్లు, బస్సులు ఆగిపోయాయి. భారత హృద్రోగ వైద్యుల సంఘం దేశవ్యాప్తంగా 187 ఆసుపత్రుల లెక్కలు సేకరించింది. 2019 మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకు గుండెపోటుతో 25,418 మంది చేరగా, 2020లో అదే కాలంలో 16,414 మంది చేరారు. 35.4 శాతం తగ్గుదల. ఇంగ్లండ్ అంకెకు ఇది దగ్గరగానే ఉంది. కానీ కారణాలు అన్నీ ఒకటి కావు. అక్కడ అంబులెన్స్ ఉండీ పిలవనివారు ఎక్కువ. ఇక్కడ భయంతో పాటు బండి దొరకనివారు, ఊరి పొలిమేర దాటలేనివారు కూడా ఉన్నారు.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిని కొవిడ్‌కు కేటాయించినప్పుడు ఇతర రోగులు వేరే ఆసుపత్రులు వెతుక్కోవలసి వచ్చింది. మరోవైపు కొన్ని కొత్త దారులూ తెరుచుకున్నాయి. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న వెలువడ్డాయి. ఇంటి నుంచే వైద్యుడితో మాట్లాడే ఈ-సంజీవని ఓపీడీ ఏప్రిల్‌లో మొదలైంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి గుండె ఆపరేషన్ ఖర్చు భారం తగ్గించింది. అయితే కార్డు చేతిలో ఉన్నా ఆసుపత్రి దాకా చేరితేనే అది పనికొస్తుంది.

అన్నిటికంటే పెద్ద తేడా ఆధారాలది. ఇంగ్లండ్‌లో నాలుగు లక్షల మంది వేచి ఉన్నారని చెప్పగలిగాం. మన దగ్గర అలాంటి ఒకే జాబితా లేదు. జాబితా లేకపోవడం అంటే వేచి ఉన్నవారు లేరని కాదు.

నా మాటే చెబుతాను. 2020 ఏప్రిల్‌లో మా పెద్దన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేశాడు. రెండు రాత్రులుగా గుండెల మీద బండ పెట్టినట్టుంది, గ్యాసేమో, వాము నీళ్లు తాగుతున్నానన్నాడు. “ఇప్పుడు ఆసుపత్రికి పోతే లేనిది అంటుకుంటుందిరా, రెండు రోజులు చూద్దాం” అన్నాడు. నేనూ సరేనన్నాను. అప్పటికి మహమ్మారుల చరిత్ర మీద ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఐదో రోజు ఆయాసం ఎక్కువై, తెలిసినవాళ్ల కారులో జిల్లా కేంద్రానికి తీసుకెళ్లారు. ఈసీజీ చూసి గుండెపోటు వచ్చి రోజులైందని చెప్పారు. అన్నయ్య బతికాడు. కానీ గుండె బలహీనపడింది, ఇప్పటికీ డాబా మెట్లు ఎక్కలేడు.

ఆ ఆసుపత్రి చీటీ నా దగ్గర ఉంది. అందులో చేరిన తేదీ ఉంది, నొప్పి మొదలైన తేదీ లేదు. ఆ ఐదు రోజులు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. అన్నయ్య ఫోన్ చేసిన రాత్రి నాకు గుర్తుంది కాబట్టి మాత్రమే ఆ లెక్క ఉంది. మీ ఇళ్లలోనూ, మీ వీధిలోనూ ఇలాంటి చీటీలు, ఇలాంటి గుర్తులు ఉండే ఉంటాయి. వాటిని సేకరించడం చరిత్ర విద్యార్థిగా మీరు చేయగల పని. కాగితం మాసిపోకముందు, చెప్పేవారు ఉండగానే చేయవలసిన పని.

ఈ పాఠం చరిత్ర పాఠమే అయినా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే ‘చూద్దాం’ అనవద్దు. ఎలాంటి రోజులైనా సరే, 108కి ఫోన్ చేయండి.

10. సారాంశం

దీర్ఘకాలిక మహమ్మారిలో గుండె వైద్యసేవలకు కలిగే నష్టం మహమ్మారి పేరుతో నమోదు కాదు. ఇంగ్లండ్‌లో 2020 వసంతంలో గుండెపోటు చేరికలు 40 శాతం తగ్గాయి. అదే కాలంలో ఇళ్ల దగ్గర మరణాలు పెరిగాయి. అత్యవసర సేవలు ప్రజల నమ్మకం తిరిగి రావడంతో కొద్ది నెలల్లోనే చాలావరకు కోలుకున్నాయి. వాయిదాపడిన చికిత్సల వరస వేవ్ వెంట వేవ్ పెరిగి 2023లో 4 లక్షలు దాటింది. బీపీ గుర్తింపు వంటి నివారణ సేవల్లో వచ్చిన లోటు అందరికంటే ఆలస్యంగా బయటపడింది. పునరుద్ధరణను కొలవడానికి మహమ్మారికి ముందటి స్థాయి ఒక్కటే కొలబద్ద కాదు. మన దేశంలో నిరీక్షణ జాబితాలు లేకపోవడం వల్ల, కుటుంబాల జ్ఞాపకాలు, ఆసుపత్రి చీటీలు ముఖ్యమైన ఆధారాలవుతాయి.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కొవిడ్ కాలంలో ఇంగ్లండ్ గుండె వైద్యసేవలు కోలుకున్న దశలను వివరించండి.
2. ఇంగ్లండ్, భారతదేశాల్లో గుండెపోటు చేరికలు తగ్గడానికి కారణాలను పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 2003 టొరంటో అనుభవం 2020 పరిస్థితికి ఎందుకు సరిపోలేదు?
2. చికిత్సల బకాయి తీరడానికి ఎక్కువ కాలం ఎందుకు పడుతుంది?

III. క్షేత్ర అభ్యాసం
మీ కుటుంబంలో గానీ మీ వీధిలో గానీ 2020–2021లో కొవిడ్ కాని జబ్బుకు చికిత్స ఆలస్యమైన ఒకరితో మాట్లాడండి. లక్షణాలు మొదలైన తేదీ, వైద్యం అందిన తేదీ, మధ్యలో జరిగినవి రెండు పేజీల్లో రాయండి. వారి అనుమతి తీసుకోండి, పేరు రాయకండి.